అమ్మానాన్నలకు చెప్పాల్సిన మాట

1933 ఏప్రిల్ 6. బొంబాయి. కెనడా నుంచి తిరిగొచ్చిన కొడుకును కలుసుకోవడానికి పంజాబు నుంచి తల్లీ తండ్రీ వచ్చారు. వాడిని చూసి ఏడేళ్లు కావస్తోంది. వెళ్లేటప్పుడు తలపాగా, పొడవాటి జుట్టు, గడ్డం ఉన్న సిక్కు కుర్రాడు. ఇప్పుడు ముప్పైకి దగ్గరపడిన ఇంజినీరు. లండన్‌లో చదివాడు, కెనడాలో చదివాడు. అలాంటి కొడుకు ఇల్లు చేరుతున్నాడంటే బంధుబలగమంతా ఎదురెళ్లాలి. వాళ్లు మాత్రం ఎవరినీ వెంటబెట్టుకు రాలేదు. అసలు సంగతి ఎవరికీ చెప్పలేదు.

కారణం ఒక ఉత్తరం. తను యేసుక్రీస్తును నమ్ముకున్నానని కొడుకు ముందే రాసేశాడు. ఆ ఉత్తరాన్ని తల్లిదండ్రులు తమ దగ్గరే ఉంచుకున్నారు. ఇప్పుడు కొడుకును ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక్కటే అడిగారు. నీ నమ్మకం నీ దగ్గర ఉంచుకో. బైబిలు చదువుకో, చర్చికీ వెళ్లు, మేం వద్దనం. కానీ బయటికి చెప్పకు. కుటుంబం పరువు కోసం ఈ ఒక్కటీ మన మధ్యే ఉండనీ.

కొట్టే తండ్రి ముందు, తిట్టే తల్లి ముందు మొండికెత్తి నిలబడొచ్చు. ఇక్కడ కన్నవాళ్లు బతిమాలుతున్నారు. పైగా వాళ్లు అడుగుతున్నది చాలా చిన్నదిలా కనిపిస్తుంది. నమ్మొద్దనడం లేదు, మాట్లాడొద్దంటున్నారు, అంతే. ఎదురుగా ఉన్న ఆ యువకుడి పేరు భక్తసింగ్ ఛాబ్రా. తర్వాతి రోజుల్లో హైదరాబాదు గోల్కొండ చౌరస్తాలో హెబ్రోను అనే క్రైస్తవ సహవాసాన్ని స్థాపించి, తెలుగు క్రైస్తవులకు ‘సహోదరుడు భక్తసింగ్’ అయిన మనిషి ఆయనే. తన సాక్ష్యం, అంటే తను క్రీస్తును నమ్మిన కథ, చెప్పినప్పుడల్లా ఈ ఘట్టం ఆయన చెప్పేవారు.

ఆయన ఏం జవాబిచ్చారో తెలుసుకునే ముందు, ఆ జవాబు అంత కష్టం ఎందుకయ్యిందో తెలియాలి.

భక్తసింగ్ 1903 జూన్ 6న పంజాబులోని జోయా గ్రామంలో పుట్టారు. ఇప్పుడది పాకిస్తాన్‌లో ఉంది. కలిగిన కుటుంబం. క్రైస్తవ మిషన్ బడిలో, హాస్టల్లో ఉండి చదువుకున్నారు. ఏళ్ల తరబడి క్రైస్తవుల మధ్య ఉన్నా బైబిలంటే గిట్టేది కాదు. పరీక్ష పాసైనప్పుడు ఎవరో ఒక బైబిలు బహుమతిగా ఇచ్చారు. లోపలి కాగితాలన్నీ చింపి పారేసి, తోలు అట్ట బాగుందని దాన్ని మాత్రం ఉంచుకున్నారు. ఈ సంగతి ఆయనే ఎన్నోసార్లు జనం ముందు ఒప్పుకున్నారు.

1926లో ఇంగ్లండు వెళ్తానన్నప్పుడు తండ్రికి ఇష్టం లేదు. కొడుకు తన వ్యాపారంలో చెయ్యి కలపాలని ఆయన ఆశ. తల్లే కొడుకు పక్షాన నిలబడింది. అయితే ఒక మాట తీసుకుంది. ఎక్కడున్నా మతం మార్చుకోకూడదు. కొడుకు నవ్వుతూనే మాటిచ్చి ఉంటాడు. బైబిలు చింపేసినవాడికి ఆ మాట ఇవ్వడం ఏం కష్టం? కొన్నేళ్ల తర్వాత అతని గొంతుకు అడ్డం పడింది ఆ మాటే.

లండన్ కింగ్స్ కాలేజీలో మెకానికల్ ఇంజినీరింగ్. కొన్నాళ్లకు జుట్టు తీసేశాడు, గడ్డం గీసేశాడు. సిగరెట్లు, మందు, నాటకాలు, యూరప్ తిరగడం. దేవుడు లేడనే దాకా వెళ్లాడు. 1928 ఆగస్టులో విద్యార్థుల బృందంతో కలిసి కెనడాకు ఓడలో బయల్దేరాడు. ఒకరోజు ఓడలో మొదటి తరగతి భోజనశాలలో క్రైస్తవ ఆరాధన జరుగుతుందని ప్రకటన పెట్టారు. అందరూ వెళ్తున్నారు కదా అని అతనూ వెళ్లి కూర్చున్నాడు. పాట వచ్చినప్పుడు అందరితోపాటు లేచాడు, కూర్చున్నాడు. ప్రసంగం మొదలవగానే, వినడం ఇష్టం లేక నిద్రపోయాడు.

మెలకువ వచ్చేసరికి ప్రార్థన. అందరూ మోకాళ్ల మీద ఉన్నారు. అతనొక్కడే కూర్చుని ఉన్నాడు. లేచి వెళ్లిపోదామంటే కుడిపక్కన ఒకరు, ఎడమపక్కన ఒకరు మోకరించి ఉన్నారు. వాళ్లను దాటుకుని పోవడం మర్యాద కాదు. మోకరిద్దామా అంటే ఒళ్లంతా అడ్డం తిరుగుతోంది. నేను భారతీయుణ్ని, చదువుకున్నవాణ్ని, వీళ్ల దేవుడికి మోకరించడమేమిటి? అప్పుడొక ఆలోచన వచ్చింది. మసీదుకు వెళ్లినప్పుడు చెప్పులు విప్పాను, గుళ్లకు వెళ్లినప్పుడు చేతులు కడుక్కున్నాను. ఆ చోటికి ఇచ్చిన గౌరవం అది. మరి ఇక్కడెందుకు ఇవ్వకూడదు? మోకాళ్లు వంచాడు.

వంచిన క్షణంలో శరీరం వణికిందట. ఏదో శక్తి తనను పట్టుకున్నట్టు అనిపించిందట. అంతకుముందు ఎప్పుడూ ఎరగని సంతోషం. నోటి వెంట యేసు నామమే పదే పదే వచ్చిందట. ఇలాంటి అనుభవాన్ని నమ్మని పాఠకులు ఉంటారని తెలుసు, నమ్మి తీరాలని నేను అనను. ఆ భోజనశాలలో అతను ఏ వాదనకూ ఓడిపోలేదు, ఏ డబ్బుకూ లొంగలేదు. పక్కవాళ్లను ఇబ్బంది పెట్టకూడదనే మామూలు మర్యాద అతన్ని అక్కడ మోకరించేలా చేసింది.

కానీ ఆ సంగతి ఎవరికి చెప్పాలి? ఏమని చెప్పాలి? దగ్గర బైబిలు లేదు. ఏడాది దాటిపోయింది.

1929 డిసెంబరు 14, శనివారం. కెనడాలోని విన్నిపెగ్. వ్యవసాయ ఇంజినీరింగ్ చదవడానికి వచ్చి అక్కడే ఉంటున్నాడు. ఒక క్రైస్తవ స్నేహితుడు ఎదురయ్యాడు. అతనితో ఒక్క మాట అనాలి, ‘నాకు బైబిలు కావాలి’ అని. ఆ మాట బయటపెట్టడానికి ఎంత సిగ్గు అడ్డొచ్చి ఉంటుందో ఊహించండి. బైబిలును చింపినవాడు, క్రైస్తవుల్ని ఎగతాళి చేసినవాడు, ఇప్పుడు దాన్నే అడగాలి. చివరికి అడిగేశాడు. స్నేహితుడు ఆశ్చర్యపోయాడు. భారతదేశంవాళ్లకు బైబిలంటే అయిష్టమని అతను విని ఉన్నాడు. వెంటనే కోటు జేబులో చెయ్యి పెట్టి, చిన్న కొత్త నిబంధన తీసి చేతిలో పెట్టాడు.

ఆ రాత్రి మూడింటిదాకా చదివాడు. తెల్లారేసరికి బయట మంచు కురుస్తోంది. ఆదివారం. రోజంతా మంచం దిగకుండా చదువుతూనే ఉన్నాడు. సోమవారం ఉదయం యోహాను సువార్త మూడో అధ్యాయం దగ్గరికి వచ్చాడు. అక్కడ ఆగిపోయాడు. మోకాళ్లు వణికాయి, గుండె వేగంగా కొట్టుకుంది. తను చేసిన తప్పులన్నీ కళ్ల ముందుకొచ్చాయి. పక్కన ఎవరో నిలబడి చదివి వినిపిస్తున్నట్టు ఉందని ఆయన చెప్పేవారు. ఆ సోమవారాన్నే, 1929 డిసెంబరు 16నే, తన రక్షణ దినంగా చెప్పుకున్నారు.

ఆ అధ్యాయం నికోదేముది. పరిసయ్యుడు, యూదుల అధికారి, పెద్దమనిషి. యేసు దగ్గరికి రాత్రిపూట వచ్చాడు. పగలు వస్తే నలుగురూ చూస్తారు కదా. భక్తసింగ్‌ను నిలిపేసిన అధ్యాయం ఇలా ఒక భయస్థుడి కథ కావడం నాకు ఎప్పుడు చదివినా కొత్తగా ఉంటుంది. యోహాను సువార్తలో నికోదేము మళ్లీ రెండుసార్లు కనిపిస్తాడు. ఏడో అధ్యాయంలో తోటి అధికారుల మధ్య యేసు తరఫున ఒక మాట అంటాడు. అదీ సూటిగా కాదు, ఒక మనిషి చెప్పేది వినకుండా తీర్పు తీర్చవచ్చా అని చట్టం మాటున. వాళ్లు వెంటనే నోరు మూయించారు. చివరికి పంతొమ్మిదో అధ్యాయంలో, శిష్యులు చెదిరిపోయిన సమయంలో, బోళం అగరుల మిశ్రమం మోయించుకుని వచ్చి యేసు శరీరాన్ని సమాధికి సిద్ధం చేస్తాడు. ఇక దాచడానికేం మిగల్లేదు. రాత్రి నుంచి అక్కడికి రావడానికి అతనికి చాలా కాలమే పట్టింది. సువార్తికుడు దాన్ని ఎక్కడా తప్పు పట్టలేదు.

భక్తసింగ్‌కూ కాలం పట్టింది. విన్నిపెగ్ నుంచి వాంకూవర్ చేరాడు. 1932 ఫిబ్రవరి 4న అక్కడ బాప్తిస్మం తీసుకున్నాడు. నమ్మడానికీ బాప్తిస్మానికీ మధ్య రెండేళ్లకు పైగా గడిచాయి. ఆ తర్వాత కూడా ఒక బేరం నడిచింది. దేవుడితోనే బేరం. నేను ఇంజినీరును, బోధకుణ్ని కాను. ఉద్యోగం చేస్తాను, సంపాదించిందంతా సువార్త పనికి ఇస్తాను, మాట్లాడే పని మాత్రం వేరేవాళ్లకు అప్పజెప్పు. తనకు వచ్చిన జవాబు, నీ డబ్బు వద్దు, నువ్వు కావాలి అని ఆయన చెప్పుకున్నారు. ఇలాంటి బేరం నేను చాలామంది దగ్గర చూశాను. పైకి త్యాగంలా కనిపిస్తుంది, లోపలున్నది మాత్రం భయం. చందా రాసిచ్చేస్తే నోరు విప్పే పని తప్పుతుంది. చర్చి కట్టడానికి లక్ష ఇచ్చినవాళ్లు, పక్క ఫ్లాటువాళ్లతో ‘మేం క్రైస్తవులం’ అని చెప్పడానికి ఏళ్లు తీసుకుంటారు.

చివరికి ఆయన ఒప్పుకున్నారు. ఏ సంస్థలోనూ చేరకూడదు, అవసరాలకు ఏ మనిషినీ డబ్బు అడగకూడదు, నడిపింపు దేవుడి దగ్గరే తీసుకోవాలి. ఈ నిర్ణయంతో ఓడెక్కారు. అంతకుముందే అమ్మానాన్నలకు ఉత్తరం రాశారు.

* * *

బెంగళూరు తెలుగువాళ్లకు ఈ కథ మళ్లీ మళ్లీ చెప్పాలని నాకు అనిపించడానికి కారణం ఉంది. ఇక్కడ మారతహళ్లిలో, వైట్‌ఫీల్డ్‌లో, ఎలక్ట్రానిక్ సిటీ పీజీల్లో ఉండే మన పిల్లల్లో క్రైస్తవులు తక్కువేం కాదు. ఆదివారం తెలుగు కూడికకు వెళ్తారు. వెళ్లేటప్పుడు జిప్పు కవరులో ఉన్న బైబిలును మళ్లీ ల్యాప్‌టాప్ బ్యాగులో పెట్టుకుంటారు. పీజీలో ఎక్కడికని అడిగితే ‘ఫ్రెండ్స్ దగ్గరికి’ అంటారు. ఆఫీసులో ఆయుధపూజ రోజు బొట్టు పెట్టబోతే ఏం చెప్పాలో తెలియక ఆ గంట ఫోను పట్టుకుని మెట్ల దగ్గర నిలబడతారు. ఇందులో పిరికితనం ఉందని తేలిగ్గా అనేయొచ్చు. నేను అనను. ఆ మౌనం వెనుక చరిత్ర ఉంది.

అందులో మొదటిది కాగితాల చరిత్ర. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందువులకే. తర్వాత 1956లో సిక్కులనూ, 1990లో బౌద్ధులనూ చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. దళిత కుటుంబంలో పుట్టిన మనిషి క్రీస్తును నమ్మానని చెబితే ఆ హోదా పోతుంది. నమ్మినా అంటరానితనం మాత్రం పోదు. ఫలితంగా మన ఊళ్లలో ఎన్నో ఇళ్లల్లో రెండు పేర్లు. బడిలో ఒకటి, చర్చిలో ఒకటి. పుట్టినప్పటినుంచీ రెండు పేర్లతో పెరిగిన పిల్ల బెంగళూరు వచ్చి ఒక్కసారిగా ఒకే పేరుతో మాట్లాడాలంటే ఎలా వస్తుంది మాట? ఆ భయాన్ని ఆమెకు తల్లిదండ్రులు నేర్పారు, వాళ్లకు బతుకు నేర్పింది.

రెండోది కర్ణాటకలోనే జరిగింది. మతస్వేచ్ఛ హక్కు పరిరక్షణ పేరుతో 2022 మే నెలలో ఆర్డినెన్సు, సెప్టెంబరులో చట్టం వచ్చాయి. మతం మారదలచినవాళ్లు 30 రోజుల ముందే జిల్లా మేజిస్ట్రేటుకు తెలియజేయాలి. చట్టవిరుద్ధంగా మార్చారని తేలితే మూడు నుంచి అయిదేళ్ల జైలు, మహిళలు, మైనర్లు, దళిత గిరిజనుల విషయంలో పదేళ్లదాకా. ఫిర్యాదు చేయగలిగేవాళ్లలో తల్లిదండ్రులు, తోబుట్టువులు, బంధువులతోపాటు తోటి ఉద్యోగిని కూడా చేర్చారు. బెంగళూరులో తోటి ఉద్యోగి అంటే రోజూ పక్కసీట్లో కూర్చునేవాడు, క్యాంటీన్‌లో ఇడ్లీ పంచుకునేవాడు. అతనితో మనసులో మాట చెప్పుకోవడం కూడా భయపడాల్సిన పని అయిపోయింది. ఆ చట్టాన్ని రద్దు చేయాలని 2023 జూన్ 15న కొత్త మంత్రివర్గం నిర్ణయించింది. గుండెల్లో కూర్చున్న భయాన్ని రద్దు చేయడానికి మాత్రం మంత్రివర్గ నిర్ణయం చాలదు.

బెదిరించో ఆశపెట్టో ఒకరి మతం మార్చడం తప్పు. అందులో నాకు రెండో అభిప్రాయం లేదు. కానీ తనకేం జరిగిందో ఒక మనిషి చెప్పుకోవడం తప్పెలా అవుతుంది? రాజ్యాంగం 25వ అధికరణలో మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఉంది. 1948 డిసెంబరు 6న రాజ్యాంగసభలో దానిమీద వాదోపవాదాలు జరిగాయి. ఆ హక్కును సమర్థించినవాళ్లలో కె.ఎం. మున్షీ ఉన్నారు, టి.టి. కృష్ణమాచారి ఉన్నారు. తను దాదాపు పద్నాలుగేళ్లు క్రైస్తవ విద్యాసంస్థల్లో చదివాననీ, తనను మార్చాలని ఎవరూ ప్రయత్నించలేదనీ కృష్ణమాచారి సభకు చెప్పారు. 1977లో సుప్రీంకోర్టు స్టానిస్లాస్ కేసులో, ప్రచారం చేసే హక్కు ఉంది గాని ఇంకొకరిని మార్చే హక్కు లేదని గీత గీసింది. ఆ గీతకు ఇవతల చాలా చోటుంది. ఒక మనిషి తన కథ చెప్పుకోవడానికి అది సరిపోతుంది.

అయినా చట్టం, కాగితాలు, ఆఫీసు, ఇవన్నీ పక్కనపెట్టినా ఒక భయం మిగులుతుంది. అదే పెద్దది. హిందూ కుటుంబంలో పుట్టి, ఇక్కడికొచ్చాక క్రీస్తును నమ్మిన ఒకమ్మాయి నాకు తెలుసు. సీమ అమ్మాయి. ఆఫీసులో అందరికీ చెప్పేసింది. కూడికలో నిలబడి సాక్ష్యం చెప్పింది. అమ్మకు చెప్పలేకపోయింది. రోజూ రాత్రి ఫోన్లో మాట్లాడుకునేవాళ్లు. గుడికెళ్లావా అని అమ్మ అడిగితే ‘ఆఁ’ అనేసేది. అబద్ధం ఆడుతున్నానని కుమిలిపోయేది. అమ్మ ఏమైనా చేస్తుందని కాదు, అమ్మ ఏడుస్తుందని. ఆ అమ్మాయికి నేను చెప్పింది ఈ బొంబాయి కథే.

* * *

కుటుంబం పరువు కోసం గుట్టుగా ఉండమన్న తల్లిదండ్రులకు భక్తసింగ్ ఇచ్చిన జవాబు ఒక ప్రశ్న. ఊపిరి తీసుకోకుండా నేను బతకగలనా అని అడిగారు. క్రీస్తే తన ప్రాణమని, ఆ సంగతి దాచుకుని బతకడం తనవల్ల కాదని చెప్పారు. అలాగైతే ఇంటికి రావద్దన్నారు వాళ్లు. కొడుకును బొంబాయిలో వదిలేసి వెనక్కి వెళ్లిపోయారు.

ఆ జవాబులో సిద్ధాంతం లేదు. సిక్కు మతాన్ని తక్కువ చేసే మాట లేదు. మీరు నమ్మింది తప్పు అని కన్నవాళ్లతో అనలేదు, మీరూ మారండి అనీ అనలేదు. నేనిది దాచలేను అన్నారు, అంతే. మతం గురించి మాట్లాడాలంటే బోలెడు తెలిసుండాలని, ప్రతి ప్రశ్నకూ సమాధానం ఉండాలని మనవాళ్లు భయపడతారు. వేదాంతం చదివాకే నోరు విప్పుతామంటారు. అందరికంటే కష్టమైన శ్రోతల ముందు భక్తసింగ్ చెప్పింది పట్టుమని రెండు వాక్యాలు కూడా కాదు.

ఆయన మాట కన్నవాళ్లను గాయపరిచింది, నిజం. దాన్ని చిన్నది చేసి చెప్పడం అన్యాయం. ఏడేళ్లు ఎదురుచూసిన తల్లి కొడుకు లేకుండా పంజాబుకు తిరిగి వెళ్లిన ప్రయాణం తలచుకుంటే గుండె పిండేసినట్టవుతుంది. సాక్ష్యం గురించి ఉత్సాహంగా మాట్లాడే బోధకులు ఈ ఘట్టాన్ని విజయంలా చెప్పడం విన్నాను. నాకది విజయంలా తోచదు. ఆ రోజు ముగ్గురూ నష్టపోయారు. ఆ నష్టం తెలిసే ఆయన నిజం చెప్పారు. కన్నవాళ్లకు ఒక ముఖం, లోకానికి ఒక ముఖం చూపించి జీవితాంతం వాళ్లను మోసం చేసే ప్రేమ తనకు వద్దనుకున్నారు. ప్రేమించేవాళ్లకు నిజం చెప్పడం కూడా వాళ్ల పట్ల గౌరవమే.

ఆ తర్వాత ఆయనకు వీధులంటే భయం లేకపోయింది. బొంబాయి వీధుల్లో సువార్త కరపత్రాలు పంచుతూ, కనిపించినవాళ్లతో మాట్లాడుతూ మొదలుపెట్టారు. అక్కడినుంచి కరాచీ, సింధు, పంజాబు. 1937లో పంజాబులోని మార్టిన్‌పూర్‌లో ఆయన కూడికల్లో వచ్చిన ఉజ్జీవం ఆయన పేరును దేశమంతా తెలిసేలా చేసింది. తర్వాత మద్రాసు. 1941లో పల్లవరం కొండమీద రాత్రంతా ప్రార్థించి, ఆ ఏడాదే యెహోవా షమ్మా సహవాసం మొదలుపెట్టారు. డిసెంబరులో మొదటి పరిశుద్ధ సమావేశాలు జరిగాయి. 1950 నాటికి హైదరాబాదు హెబ్రోను. తెలుగు ఊళ్లల్లో ఆ సహవాసాలు వందల సంఖ్యలో పుట్టాయి. బెంగళూరులోనూ ఉన్నాయి.

పంజాబీ మనిషి. ఇంగ్లీషులో ఒక వాక్యం చెబితే పక్కన నిలబడ్డ సహోదరుడు తెలుగులో చెప్పేవాడు. మళ్లీ ఒక వాక్యం. గంటలకొద్దీ అలాగే సాగేది. చాపల మీద కూర్చున్న వేలమంది అలాగే వినేవారు. బోధకుణ్ని కానంటూ వాంకూవర్‌లో బేరమాడిన మనిషి ఈయనే. చెప్పేది అర్థమవడానికి ఇంకొకరి నోరు కావాల్సి వచ్చినా అది ఆయనకు అడ్డం కాలేదు. డబ్బు అడగనన్న నియమం చివరిదాకా నిలబెట్టుకున్నారు. విదేశీ మిషను జీతం తీసుకోలేదు. ఆశపెట్టి మార్చారన్న నింద వేయాలన్నా ఆశపెట్టడానికి ఆయన దగ్గర ఏముంది?

సమావేశాలప్పుడు సువార్త ఊరేగింపులు ఉండేవి. వాక్యాలు రాసిన పలకలు, గుడ్డలు పట్టుకుని, పాటలు పాడుకుంటూ నగరం వీధుల్లో నడిచేవారు. అందులో గుమాస్తాలు ఉండేవారు, కూలీలు ఉండేవారు, పల్లెల నుంచి వచ్చి ఎన్నడూ పట్నం వీధిలో గొంతెత్తి ఎరగని ఆడవాళ్లు ఉండేవారు. ఒంటరిగా చెప్పలేని మాటను పక్కవాడి భుజం తగులుతుంటే చెప్పగలిగేవారు. గుంపులో వచ్చే ఆ ధైర్యం రేపు ఇంటి దగ్గర ఒంటరిగా పనికొస్తుందా అంటే, అందరికీ పనికొచ్చిందని నేను చెప్పలేను. కొందరికైనా అది మొదటి మెట్టు.

2000 సెప్టెంబరు 17న హైదరాబాదులో ఆయన కన్నుమూశారు. చివరి ఏళ్లలో పార్కిన్సన్స్ జబ్బు ఆయన్ను మంచానికి పరిమితం చేసింది. అంత్యక్రియలకు హైదరాబాదు వీధుల్లో ఇసుకవేస్తే రాలనంత జనం నడిచారు.

సీమ అమ్మాయి సంగతి చెప్పలేదు కదా. ఆమె బొంబాయి కథ విని, ‘ఆయన మగాడు, ఆయనకేం, వెళ్లిపోయి బతకగలిగాడు’ అంది. నిజమే, నా దగ్గర సమాధానం లేదు. నెలలు గడిచాక సంక్రాంతికి ఊరెళ్లి చెప్పింది. ఫోన్లో కాదు, వంటింట్లో, అమ్మ పక్కన కూర్చుని అరిసెల పిండి కలుపుతూ. పెద్ద మాటలేం వాడలేదట. ‘అమ్మా, నేను గుడికెళ్తున్నానని నీకు చెబుతోంది అబద్ధం. నేను యేసుప్రభువుకు ప్రార్థన చేసుకుంటున్నా. నీకు అబద్ధం చెప్పడం నావల్ల కావడం లేదు’ అందట. అమ్మ కోప్పడింది. నాన్నకు చెప్పొద్దంది. ఎవరు చెప్పారే నీకు ఇవన్నీ అని నిలదీసింది. ఎవరూ చెప్పలేదమ్మా, నేనే చదువుకున్నా అంటే నమ్మలేదు. తిరుగు ప్రయాణం రోజు బస్టాండుకు రాలేదు. ఆ ఇంట్లో గొడవ ఇంకా తీరలేదు. ఫోన్లు మాత్రం ఆగలేదు. గుడికెళ్లావా అని అడగడం మానేసి, ఈ మధ్య అమ్మ వేరే ప్రశ్నలు అడుగుతోందట. యేసుప్రభువుకు ఏం పెడతారు, మీరు ఉపవాసాలుంటారా, పెళ్లి ఎలా చేసుకుంటారు అని. కొన్నిటికి ఈ అమ్మాయికి జవాబు తెలియదు. తెలియదమ్మా, కనుక్కుని చెప్తా అంటోంది.

పోయిన ఆదివారం కూడికలో పెద్దాయన అలవాటు ప్రకారం, సాక్ష్యం చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. వెనక వరసలో కొత్తగా వచ్చిన ఒక కుర్రాడు లేచాడు, ఒంగోలు దగ్గర ఊరట. తన పేరు చెప్పాడు. కాస్త ఆగి, సర్టిఫికెట్లలో ఉన్న రెండో పేరు కూడా చెప్పాడు. ఆఫీసులో మొన్న ఆయుధపూజకు మేనేజరు బొట్టు పెట్టబోతే, ‘సార్, నేను క్రిస్టియన్ని, పెట్టుకోను, మీ పక్కన నిలబడతాను’ అని చెప్పానన్నాడు. మేనేజరు సరేనని ప్రసాదం పొట్లం చేతిలో పెట్టబోయి, ఇది తినొచ్చా అని అడిగాడట. దానికేం చెప్పాలో తనకు తెలియలేదని ఈ కుర్రాడు కూడికలో అందరినీ అడుగుతున్నాడు. ఎవరికి తోచింది వాళ్లు చెప్పడం మొదలుపెట్టారు. భోజనాల గంట దాటినా ఆ చర్చ తెగలేదు.